క్యాన్సర్ ఎపిడెమియాలజీ సీనియర్ ప్రొఫెసర్ విజయనగరం లాంటి ఊరికి వస్తారా?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇదీ. విజయనగరం దగ్గర ఉన్న వాళ్ల ప్రైవేటు యూనివర్సిటీలో కొత్తగా ప్రజారోగ్య విభాగం పెట్టారు. జనంలో క్యాన్సర్ ఎవరికి, ఎంత, ఎందుకు వస్తోందో తేల్చే శాస్త్రం క్యాన్సర్ ఎపిడెమియాలజీ. దానికి ఒక సీనియర్ ప్రొఫెసర్ కావాలని రెండుసార్లు పేపర్లో ప్రకటన ఇచ్చారు. మొదటిసారి నలుగురు, రెండోసారి ఇద్దరు దరఖాస్తు చేశారు. ఒక్కరూ సరిపోలేదు. జీతం పెంచితే వస్తారా, చిన్న ఊరు కాబట్టి ఆశ వదిలేసుకోవాలా, ఎంతకాలం పడుతుంది, పోనీ నెలకోసారి వచ్చి వెళ్లేవాళ్లతో నడపొచ్చా అని అడిగారు.

వస్తారు. ఆశ వదులుకోవద్దు. కానీ పేపర్ ప్రకటన చూసి రారు, జీతం ఒక్కటే చూసీ రారు. ఆ స్థాయి మనిషి ముందుగా చూసేది, అక్కడ తనకు చేయడానికి పని ఉందా అని. క్యాన్సర్ ఎపిడెమియాలజిస్టుకి పని అంటే క్యాన్సర్ రిజిస్ట్రీ, అంటే ఒక ప్రాంతంలోని ప్రతి క్యాన్సర్ కేసునీ నమోదు చేసే ఏర్పాటు. రిజిస్ట్రీ ఇంకా లేకపోతే, అది మొదలుపెట్టడానికి కావలసిన అనుమతులు, మనుషులు, డబ్బు అయినా సిద్ధంగా ఉండాలి. కాబట్టి మూడో ప్రకటన ఇప్పుడే ఇవ్వకండి. ఆరేడు నెలలు ఆ ఏర్పాట్ల మీద పెట్టండి, తర్వాత మీరే మనిషిని వెతుక్కుంటూ వెళ్లండి.

నేను శ్రీకాకుళం జిల్లావాడిని. 31 ఏళ్లు మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ (ప్రజారోగ్యం) పాఠాలు చెప్పి రిటైరయ్యాను. చాలా సెలక్షన్ కమిటీల్లో బయటి నిపుణుడిగా కూర్చున్నాను. మంచి నియామకాలు చూశాను, ఏడాది తిరక్కుండా కూలిపోయినవీ చూశాను. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

సర్జన్‌కి ఆపరేషన్ థియేటర్ ఎలాంటిదో ఈ మనిషికి రిజిస్ట్రీ అలాంటిది. ఆయన శాస్త్రమంతా ఒక భిన్నం మీద నడుస్తుంది. పైన కేసులు, కింద జనాభా. ఆసుపత్రిలో ఎన్ని కేసులు వచ్చాయన్నది ఆసుపత్రి లెక్క మాత్రమే. ఒక ప్రాంతంలో ఉండే జనంలో లక్షకి ఎంతమందికి ఏ క్యాన్సర్ వస్తోందో తేలితేనే అది ఎపిడెమియాలజీ. మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఈ పని 1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం పేరుతో మొదలుపెట్టింది. ఇప్పుడు బెంగళూరులోని దాని జాతీయ కేంద్రం ఈ లెక్కలు చూస్తోంది. ప్రపంచ స్థాయిలో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చూస్తుంది. వాళ్ల 2022 అంచనా ప్రకారం భారతదేశంలో ఏడాదికి సుమారు 14 లక్షల కొత్త కేసులు, 9 లక్షల మరణాలు. దేశం మొత్తానికి ఈ అంకె ఉంది. మన గుర్ల మండలానికో, మెరకముడిదాంకో, కవిటికో అలాంటి అంకె కావాలంటే ఎవరో ఒకరు ఊరూరా లెక్క కట్టాలి. మీరు పిలుస్తున్నది ఆ పనికి.

మన దగ్గర ఆ లెక్క ఎంత కష్టమో చెప్తాను, ఎందుకంటే మంచి అభ్యర్థి మిమ్మల్ని అడిగేది ఇదే. మన జిల్లాల మనిషికి క్యాన్సర్ అని తేలేది ఎక్కడ? ఇచ్ఛాపురం, కవిటి వైపు వాళ్లు చాలామంది బరంపురం వెళ్తారు. మిగతావాళ్లు విశాఖలో కేజీహెచ్‌కో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, ప్రైవేటుకో వెళ్తారు. కొందరు హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి, కొందరు వెల్లూరుకి పోతారు. అక్కడ కేస్ షీట్‌లో అడ్రస్ అడిగితే విశాఖలో ఉన్న కూతురింటి అడ్రస్ రాయిస్తారు. దాంతో ఆ పేషెంట్ విశాఖ లెక్కలోకి పోతుంది, మన లెక్కలో ఒకటి తగ్గుతుంది. రిజిస్ట్రీ మనిషి ఈ ఆసుపత్రులన్నీ తిరిగి, పాథాలజీ రిపోర్టులు చూసి, ఊరికి ఫోన్ చేసి 'ఈవిడ ఏడాదికి మించి మీ ఊళ్లోనే ఉంటోందా' అని కనుక్కోవాలి. ఒకే మనిషి మూడు ఆసుపత్రుల్లో మూడు పేర్లతో ఉంటే కలిపి ఒకటి చేయాలి.

కింద ఉండే జనాభా లెక్కా సులువు కాదు. 2011 జనగణనలో శ్రీకాకుళం జిల్లా సుమారు 27 లక్షలు, విజయనగరం సుమారు 23.4 లక్షలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. పాలకొండ మన్యం జిల్లాలోకి వెళ్లింది, రాజాం విజయనగరంలోకి వచ్చింది. పాత లెక్కతో కొత్త హద్దులు చూస్తే అంకె తప్పుతుంది. పైగా మన జనం వలసలు పోతారు. మత్స్యకారులు గుజరాత్ తీరానికి, కూలీలు చెన్నై, హైదరాబాద్ వైపు. ఇవన్నీ విని 'అమ్మో' అనేవాళ్లు మీకు వద్దు. 'ఇది చేయాల్సిన పనే' అనేవాళ్లు ఉన్నారు, వాళ్లే కావాలి.

మన ప్రాంతం దగ్గర ఇవ్వడానికి ఏముందో అభ్యర్థికి మీరు రాసే ఉత్తరంలో మొదటి పేరాలోనే రాయండి. మీరు పంపిన ప్రకటన చదివాను. విశాలమైన క్యాంపస్, వైఫై, న్యాక్ గ్రేడు ఉన్నాయి. ఈ నేల గురించి ఒక్క ముక్క లేదు. నోటి క్యాన్సర్ పరిశోధన చదివిన ప్రతివాళ్లకీ శ్రీకాకుళం పేరు తెలుసు. అడ్డపొగ వల్ల. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం, అదీ ఎక్కువగా ఆడవాళ్లు. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మామూలుగా అరుదుగా వచ్చే అంగిలి క్యాన్సర్ మన తీరంలో కనిపించడానికి కారణం అదే. డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి నుంచి ఫాలీ మెహతా, ప్రకాశ్ గుప్తా బృందం మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించారు. తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్లతో మాన్పించే ప్రయత్నం చేసి, ఆ ఫలితాలు 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో వేశారు. ఆ పొగ ఇప్పుడు ఎంత తగ్గింది, మానేసిన తరంలో అంగిలి క్యాన్సర్ ఎంత తగ్గింది అన్న ప్రశ్న ఒక్కటి చాలు, ఒక ప్రొఫెసర్‌కి పదేళ్ల పని.

ఇంకొకటి, రణస్థలం మండలం. కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఉంది. పక్కనే పైడిభీమవరం మందుల పరిశ్రమలు. కేంద్రం రాకముందు ఆ చుట్టుపక్కల క్యాన్సర్ ఎంత ఉందో లెక్క లేకపోతే, ఇరవై ఏళ్ల తర్వాత 'పెరిగింది' అనేవాళ్లకీ 'పెరగలేదు' అనేవాళ్లకీ ఆధారం ఉండదు. ముందు లెక్క ఉండాలి. ఇది నిజమైన ఎపిడెమియాలజిస్టుని నిద్రపోనివ్వని విషయం.

చిన్న ఊరు అన్న టెన్షన్ పెట్టుకోకండి. మహారాష్ట్రలో బార్షీ ఎంత ఊరు? మన దేశంలో మొదటి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ 1987లో అక్కడే వచ్చింది. కేరళలో కరునాగపల్లి, తీరంలోని ఇసుకలో సహజంగా రేడియేషన్ ఎక్కువ ఉన్నచోటు. అక్కడ 1990లో రిజిస్ట్రీ పెట్టి ఇంటింటి లెక్క తీశారు. ఆ రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరిగినట్టు కనబడలేదని ఆ అధ్యయనం తేల్చింది. ప్రపంచం మొత్తం ఇప్పుడు ఆ ఊరి పేరు చెప్తుంది. వీటిని పెద్ద చేసింది పట్టువదలకుండా కూర్చుని పనిచేసిన మనుషులు.

ఇక చెడిపోయిన ఒక కేసు. ఏ సంస్థో చెప్పను. చాలా ఏళ్ల కిందట ఒక చోట సెలక్షన్ కమిటీలో ఉన్నాను. వచ్చిన ప్రొఫెసర్ నిజంగా గొప్పవాడు, విదేశంలో పదిహేనేళ్లు చేశాడు. తల్లిదండ్రులు వృద్ధులు కావడంతో ఇటు రావాలనుకున్నాడు. సంస్థ మంచి జీతం ఇచ్చింది, కారు ఇచ్చింది. చేరిన వారానికి ఆయన అడిగినవి మూడే. ఒక స్టాటిస్టీషియన్, నలుగురు ఫీల్డు మనుషులు, జిల్లాలోని పాథాలజీ ల్యాబులతో ఒప్పందం. 'చూద్దాం సార్' అన్నారు. మనుషుల మీద చేసే పరిశోధనకి అనుమతి ఇవ్వాల్సిన ఎథిక్స్ కమిటీ కాగితం మీద ఉంది కానీ ఎనిమిది నెలలు కూర్చోలేదు. ఆయన చేత మాత్రం వారానికి పద్దెనిమిది క్లాసులు చెప్పించారు, అడ్మిషన్ల సీజన్‌లో కాలేజీలు తిప్పి ఉపన్యాసాలు ఇప్పించారు. పద్నాలుగో నెలలో వెళ్లిపోయాడు. వెళ్తూ నాతో అన్న మాట, "నన్ను బోర్డు మీద పేరు కోసం తెచ్చుకున్నారు సార్." ఆ కమిటీలో సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. చేరేముందు ఆ మూడూ రాతపూర్వకంగా ఉన్నాయా అని నేను అడగాల్సింది, అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అప్పట్నుంచి ఏ కమిటీలో కూర్చున్నా ముందు అదే అడుగుతున్నాను.

కాబట్టి మీరు సిద్ధం చేయాల్సినవి. ఎథిక్స్ కమిటీ నిజంగా పనిచేయాలి, రిజిస్టర్ అయి ఉండాలి. విదేశీ సంస్థతో కలిసి చేసే పనికి, విదేశీ నిధులకి ఐసీఎంఆర్ ద్వారా ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి. అది తెలిసిన మనిషి ఆఫీసులో ఉండాలి. మీ సంస్థకి సొంత ఆసుపత్రి లేకపోతే నెల్లిమర్ల, రాగోలు, విజయనగరం, శ్రీకాకుళం మెడికల్ కాలేజీల్లో కనీసం రెండింటితో, విశాఖలో ఒక క్యాన్సర్ ఆసుపత్రితో రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. మరణాల రిజిస్టర్లు చూడటానికి జిల్లా యంత్రాంగంతో ముందే మాట్లాడండి. ఒక స్టాటిస్టీషియన్‌ని ముందే తీసుకోండి. సాఫ్ట్‌వేర్ కోసం లక్షలు పెట్టనక్కర్లేదు, లియాన్ సంస్థ రిజిస్ట్రీల కోసం తయారుచేసిన క్యాన్‌రెగ్ ఉచితంగా దొరుకుతుంది. ఫీల్డు మనుషులకు మాత్రం పిసినారితనం చూపకండి. బస్సు ఛార్జీలు టైముకి రాక పని ఆపేసిన ఫీల్డు బృందాలు నాకు తెలుసు.

నోటిఫికేషన్ మాటల్లో పొరపాటు చేస్తున్నారు. 'సీనియర్ ప్రొఫెసర్' అని రాశారు. 2018 యూజీసీ నిబంధనల్లో అది ప్రత్యేక హోదా. ప్రొఫెసర్‌గా పదేళ్లు చేసినవాళ్లకే అర్హత, మంజూరైన ప్రొఫెసర్ పోస్టుల్లో పది శాతం దాటకూడదు. మీరు కోరేది అనుభవం ఉన్న ప్రొఫెసర్ అయితే 'ప్రొఫెసర్' అనే రాయండి. దానికి పీహెచ్‌డీ, కనీసం 10 పరిశోధన పత్రాలు, 120 రీసెర్చ్ స్కోర్, పదేళ్ల బోధన లేదా అదే స్థాయి పరిశోధన అనుభవం, పీహెచ్‌డీ చేయించిన దాఖలా ఉండాలి. యూనివర్సిటీలో పాఠం చెప్పకపోయినా జాతీయ సంస్థలో పరిశోధన చేసినవాళ్లు దీనిలోకి వస్తారు. మీ ప్రకటనలో 'పదేళ్ల బోధన తప్పనిసరి' అని పెట్టి రిజిస్ట్రీల్లో పనిచేసే శాస్త్రవేత్తలందరినీ మీరే బయట నిలబెట్టారు. నా లెక్కలో మీకు దరఖాస్తులు రాకపోవడానికి సగం కారణం ఆ ఒక్క వాక్యమే.

మెడికల్ కాలేజీ పోస్టు అయితే రూలు వేరు. అక్కడ కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసర్‌గా లెక్కలోకి రావాలంటే ఆ సబ్జెక్టులో ఎండీ లాంటి వైద్య పీజీ కావాలి. మంచి క్యాన్సర్ ఎపిడెమియాలజిస్టుల్లో చాలామంది స్టాటిస్టిక్స్ నుంచో, డెంటల్ నుంచో, బయాలజీ నుంచో వచ్చినవాళ్లు. వాళ్లను యూనివర్సిటీ విభాగంలోనే పెట్టండి, మెడికల్ కాలేజీ సీట్ల లెక్కకి వాడుకోవాలని చూడకండి. అలాగే 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' దారి కూడా ఉంది, కానీ అది బోధన వృత్తిలో ఉన్నవాళ్లకి, అందులో రిటైరైనవాళ్లకి వర్తించదు. జాతీయ స్థాయిలో ప్రజారోగ్య కార్యక్రమాలు నడిపిన వైద్యాధికారి లాంటివాళ్లకి సరిపోతుంది, గరిష్ఠంగా నాలుగేళ్లు.

జీతం సంగతి. యూజీసీ స్కేల్లో ప్రొఫెసర్ మూలవేతనం నెలకి 1,44,200 దగ్గర, సీనియర్ ప్రొఫెసర్‌ది 1,82,200 దగ్గర మొదలవుతుంది. అంతకంటే తక్కువ చెప్పకండి. అయితే మీ దగ్గర అదనంగా డబ్బుంటే జీతంలో కలపకుండా మొదటి మూడేళ్ల పరిశోధన నిధిగా ఆయన చేతిలో పెట్టండి, ప్రతి ఖర్చుకీ రిజిస్ట్రార్ సంతకం అక్కర్లేకుండా.

వెతకడం ఎలా అంటే, ఈ రంగం చిన్నది. దేశం మొత్తంలో ఈ పని గట్టిగా చేసేవాళ్లందరికీ ఒకరికొకరు తెలుసు. జాతీయ రిజిస్ట్రీ నివేదికల్లో ఏ కేంద్రాన్ని ఎవరు నడుపుతున్నారో పేర్లు ఉంటాయి. అక్కడ మొదటి స్థానంలో ఉన్నవాళ్లు రాకపోవచ్చు. రెండో స్థానంలో, యాభై దాటక ముందు ఉండి, తనదంటూ ఒక కేంద్రం కావాలనుకునేవాళ్లు మీకు సరైనవాళ్లు. ముగ్గురు పెద్దలకి ఫోన్ చేసి 'మీరు వస్తారా' అనకుండా 'ఎవర్ని పిలవమంటారు' అని అడగండి. పది ఫోన్లలో మూడు పేర్లు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. మన వైపు నుంచి వెళ్లి ముంబైలోనో, తిరువనంతపురంలోనో, ఢిల్లీలోనో స్థిరపడ్డవాళ్లనీ మరచిపోకండి. నేను చూసిన మంచి నియామకాల్లో ఒకటి అలాంటిదే. ఆవిడ టెక్కలి వైపు అమ్మాయి, బయటి రాష్ట్రంలో పేరు తెచ్చుకుంది. ఇంటర్వ్యూలో జీతం ఊసే ఎత్తలేదు. "పాథాలజీ రిపోర్టులు నాకు ఎన్నాళ్లలో వస్తాయి?" అనే మొదట అడిగింది.

ఎంపికలో రెండు జాగ్రత్తలు. ఒకటి, వేల సైటేషన్లు (ఇతరులు తమ పత్రాల్లో ఆయన పత్రాలను ప్రస్తావించిన లెక్క) చూసి మురిసిపోకండి. ప్రపంచ వ్యాధి భారం లాంటి అధ్యయనాల్లో ఒక్కో పత్రానికి వందల మంది రచయితలు ఉంటారు. అందులో పేరు ఉండటం తప్పేం కాదు, కానీ అది ఆయన పనికి కొలత కాదు. 'మీ పత్రాల్లో ఐదు ఎంచుకోండి, ఒక్కోదాంట్లో మీరు చేసిందేమిటో అరపేజీ రాయండి' అనండి. అలాగే ఆయన దగ్గర పనిచేసిన ఒక పీహెచ్‌డీ విద్యార్థితో, ఒక ఫీల్డు మనిషితో మాట్లాడండి. వైస్ ఛాన్సలర్ ఇచ్చే సిఫార్సు ఉత్తరం కంటే వాళ్ల మాట ఎక్కువ పనికొస్తుంది.

రెండోది, ఇంటర్వ్యూలో నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న. 'ఒక సర్పంచ్ వచ్చి మా ఊళ్లో ఏడాదిలో తొమ్మిది మందికి క్యాన్సర్ వచ్చింది, ఫ్యాక్టరీ నీళ్ల వల్లే అన్నాడు. మొదటి వారం ఏం చేస్తారు?' వెంటనే నీళ్ల శాంపిల్స్ తీస్తానన్నవాళ్లకి నేను తక్కువ మార్కులు వేస్తాను. ఆ తొమ్మిదీ నిజంగా క్యాన్సరేనా, ఏ ఏ అవయవాలవి, వయసులెంత, ఆ ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారు, అంత జనాభాలో మామూలుగా ఎన్ని రావాలి అని అడిగినవాళ్లు ఈ పని తెలిసినవాళ్లు. ఆ సర్పంచ్‌ని కూర్చోబెట్టి వింటాను అని మొదలుపెట్టినవాళ్లు ఇంకా మంచివాళ్లు.

వీలైతే ఒక రోజు ఊళ్లోకి తీసుకెళ్లండి. ఒకసారి నా మాట మీద ఇద్దరు అభ్యర్థుల్ని తీరం దగ్గర ఒక పల్లెకి తీసుకెళ్లారు. ఒకాయన కారు దిగి ఫొటోలు తీసుకున్నాడు. ఇంకొకాయన అరుగు మీద ఒక ముసలమ్మ పక్కన కూర్చుని, ఏ వయసు నుంచి, రోజుకి ఎన్ని చుట్టలు, అడ్డపొగ ఎందుకు మొదలెట్టావమ్మా అని అడిగాడు. "ఏటి బాబూ, గాలికి సుట్ట ఆరిపోతాది, అందికే లోనెట్టి కాలుస్తాం" అంది ఆవిడ. ఆయనకి తెలుగు అంతంతమాత్రమే. అయినా ఆ జవాబు రాసుకున్నాడు, టార్చి తీసి అంగిలి చూశాడు, తెల్లమచ్చ కనబడితే ఏఎన్ఎంని పిలిచి ఆసుపత్రికి ఎప్పుడు పంపుతారో తేదీ అడిగాడు. ఎవర్ని తీసుకోవాలో కమిటీకి ఆ సాయంత్రమే తెలిసిపోయింది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, మన జనం విసిగిపోయి ఉన్నారు. ఉద్దానం చూడండి. కిడ్నీ జబ్బు మీద ఎన్ని బృందాలు వచ్చాయి, ఎంత రక్తం, ఎన్ని నీళ్ల సీసాలు పట్టుకెళ్లాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. చాలామందికి తమ రిపోర్టు ఏమైందో కూడా చెప్పలేదు. రేపు క్యాన్సర్ అని ఇంకో బృందం తలుపు తడితే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న 'మళ్లీ వస్తారా?' అనే. మళ్లీ వచ్చే మనిషే మీకు కావాలి.

అందుకే నెలకోసారి వచ్చి వెళ్లేవాళ్లతో నడపొచ్చా అన్నదానికి నా జవాబు, పాఠాలకి సరే, రిజిస్ట్రీకి కాదు. విశాఖలో ఉండి రోజూ వస్తాననేవాళ్లకి అభ్యంతరం పెట్టకండి. విజయనగరం గంటన్నర దూరమే. భార్యకో భర్తకో విశాఖలో ఉద్యోగం దొరికేలా సాయం చేయండి. చాలా నియామకాలు ఇంట్లోవాళ్ల ఉద్యోగం, పిల్లల స్కూలు దగ్గరే ఆగిపోతాయి. ఇంటర్వ్యూకి కుటుంబాన్ని కూడా రమ్మనండి, ఛార్జీలు మీరే పెట్టుకోండి.

ఎంతకాలం అంటే, ఈరోజు మొదలుపెడితే మనిషి మీ దగ్గర చేరేసరికి ఏడాదిన్నర. ఒప్పందాలకి, ఎథిక్స్ కమిటీకి ఆరేడు నెలలు, ఫోన్లకి, రాకపోకలకి నాలుగు నెలలు, ఎంపిక, ఆ మనిషి ప్రస్తుత ఉద్యోగంలో నోటీసు, పిల్లల పరీక్షలు కలిపి మిగతాది. చేరాక రిజిస్ట్రీ మొదటి నమ్మదగిన లెక్క ఇవ్వడానికి ఇంకో మూడేళ్లు. మీ యాజమాన్యానికి ఈ అంకెలు ఇప్పుడే చెప్పండి. మొదటి ఏడాదే పేపర్లో రావాలని పట్టుబట్టేవాళ్లయితే, ఆ ప్రొఫెసర్‌ని పిలవకముందే వాళ్లతో కూర్చుని మాట్లాడండి. ఒప్పందం ముసాయిదాలో ఆసుపత్రులు ఎక్కువగా అభ్యంతరపెట్టేది పేషెంట్ పేరు ఇవ్వడం మీద. అక్కడ ఇరుక్కుంటే ఇక్కడే రాయండి, నేను చూసిన ఒప్పందాల్లో ఆ క్లాజు ఎలా రాశారో చెప్తాను.